ట్రంకు బోర్డు ముందు కూర్చున్నవాళ్ళం

టెలిఫోన్ ఆపరేటరుగా చేసినవాళ్ళని ఇప్పటికీ ఇట్టే పట్టేయొచ్చు. ఫోను మోగితే రెండో గంట దాకా ఆగరు. ఎవరైనా పేరు చెబితే అదే పేరు తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటారు. నంబరు రాసుకోవడానికి కాగితం వెతుక్కోరు, తలలో పెట్టేసుకుంటారు. మా ఇంట్లో గ్యాసు బుకింగు దగ్గర్నుంచి పెళ్ళి పిలుపుల దాకా ఫోను పనులన్నీ ఇవాళ్టికీ నా నెత్తినే పడతాయి. "నీకు అలవాటే కదా" అంటారు. అలవాటే మరి, ఏం చేస్తాం.

నేను 1983లో శ్రీకాకుళం ఎక్స్ఛేంజిలో చేరాను. అప్పుడది పీ అండ్ టీ. తపాలా, తంతి, టెలిఫోను అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. 1985లో వేరుపడి టెలికం శాఖ అయింది. 2000 అక్టోబరు 1న శాఖ కాస్తా బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీ అయింది. ఊరు దాటి బదిలీ మీద వెళ్ళింది లేదుగానీ, కూర్చున్న చోటే ముగ్గురు యజమానుల దగ్గర పనిచేశాను.

మా నాన్న ఒక రైసు మిల్లులో గుమాస్తా. ఆ మిల్లు ఫోనుకి డయల్ తిరక్కుండా చిన్న తాళం ఉండేది. తాళంచెవి షావుకారు మొలతాడుకి. ఊళ్ళో ఫోనున్న ప్రతివాడూ ఆ తాళం వేసేవాడు, లేకపోతే వీధిలోవాళ్ళంతా వచ్చి వాడేసుకుంటారని భయం. ఉద్యోగంలో చేరాక నాకు తెలిసింది, డయల్ తిప్పడమంటే లైనుని టకటకా తెంపి కలపడమేనని. రిసీవరు పెట్టే చోట ఉన్న గుబ్బని ఒకే వేగంతో మూడుసార్లు నొక్కితే మూడు, ఏడుసార్లు నొక్కితే ఏడు. తాళం తాళంలాగే ఉంటుంది, ఫోను వెళ్ళిపోతుంది. ఏదో రహస్యం కనిపెట్టినట్టు నాన్నకి చెబితే ఆయన పగలబడి నవ్వాడు. "మా కాటా కుర్రోడు ఎప్పట్నుంచో అదే సేత్తన్నాడే" అన్నాడు.

ఇంటరు మార్కుల మీద ఎంపికయ్యాను. మొదట్లో రిజర్వ్ ట్రెయిన్డ్ పూల్ అని ఒక జాబితాలో పెట్టేవారు. ఎవరైనా సెలవు పెడితే పిలుస్తారు, గంటల లెక్కన డబ్బులిస్తారు. కబురొస్తే జడ వేసుకుంటూనే సైకిలు రిక్షా ఎక్కడం. తర్వాత రెగ్యులర్ అయ్యాం. ఆ సంగతులు అప్పట్లో పెద్ద పోరాటమే గానీ ఇప్పుడు రాయాలంటే నాకే విసుగు.

ఊరు దాటే కాల్స్ కలిపే ట్రంకు బోర్డు చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఎదురుగా నిలువుగా నల్లటి పలక. దాని నిండా వరసలు వరసలుగా జాక్‌లు, ఒక్కో జాక్ ఒక్కో లైను. ముందున్న బల్ల మీద ఇత్తడి మొనల కార్డులు జతలు జతలుగా నిలబడి ఉంటాయి. దీపం వెలిగితే వెనక కార్డు తీసి ఆ జాక్‌లో గుచ్చి, కీ తోసి, "ట్రంక్స్" అనాలి. వాళ్ళు అడిగిన ఊరు, నంబరు, ఆర్డినరీయా అర్జంటా, ఫలానా మనిషే కావాలా, అన్నీ పెన్సిలుతో టికెట్టు మీద రాయాలి. అర్జంటంటే రెట్టింపు చార్జీ. దాని మీద లైట్నింగ్ కాల్ అని ఒకటుండేది. ఆ మాట వింటే చాలు, బుక్ చేసింది పెద్ద అధికారో, లేకపోతే ఎవరో పోయారో అని తెలిసిపోయేది. వంతు వచ్చాక ముందు కార్డు తీసి వైజాగు సర్క్యూట్‌లో గుచ్చి రింగివ్వాలి. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "త్రీ మినిట్స్" అని చెప్పాలి. మాట అయిపోయాక కార్డు వదిలేస్తే, కింద కప్పీకి వేలాడే బరువు దాన్ని సర్రున లాక్కుని తన చోట నిలబెడుతుంది. సంక్రాంతి ముందు రోజుల్లో కార్డులు ఒకదాని మీదుగా ఒకటి దాటి, ఏది ఎవరిదో తెలియక వేళ్ళతో వెతుక్కునేవాళ్ళం.

ఊళ్ళో ఒకరికొకరు డయల్ చేసుకోవచ్చు. ఊరు దాటాలంటే మాత్రం మా చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. బయటికి పోయే సర్క్యూట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. టికెట్లేమో కట్టలు కట్టలు. వైజాగు కట్ట, విజయనగరం కట్ట, బరంపురం కట్ట, ఖర్గపూర్ కట్ట. బెంగాల్‌లో ఉన్న ఖర్గపూర్ ఏమిటని బయటివాళ్ళు అడుగుతారుగానీ మా జిల్లావాళ్ళు అడగరు. రైల్వే పని కోసం ఇక్కణ్ణుంచి తరాలుగా అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ ఈ రెండు ఊళ్ళ మధ్యే నడిచేవి.

దూరపు కాలంటే మధ్యలో రెండు మూడు ఎక్స్ఛేంజీలు దాటాలి. దాటినకొద్దీ గొంతు సన్నబడిపోతుంది. చివరికి ఇటువాళ్ళకి అటువాళ్ళ మాట వినపడదు, మధ్యలో ఉన్న నాకు మాత్రం ఇద్దరిదీ వినపడుతుంది. అప్పుడు మేమే మాట మోసేవాళ్ళం. ఒకసారి పెద్ద మార్కెట్టులోని ఒక కొట్టు నుంచి కాలు, ఖర్గపూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయనకి. ఇటు మనిషి ఎంత అరిచినా అటు చేరడం లేదు. "అమ్మా, నువ్వే సెప్పీమ్మా" అన్నాడు. నేనే చెప్పాను, మీ నాన్నగారు పొద్దున్న పోయారట, మీరొచ్చేదాకా ఉంచుతారట అని. అవతల చాలాసేపు ఏమీ లేదు. మూడు నిమిషాలు నడుస్తున్నాయి, నేను చెప్పలేదు. ఆఖరికి ఆయన అడిగాడు, "నువ్వెవరి గుంటవమ్మా, మా పెద్దప్ప కూతురివా?" అని. "నేను ఆపరేటర్నండీ" అన్నాను. "బాగుండమ్మా" అని పెట్టేశాడు. ఆ టికెట్టు మీద మూడు నిమిషాలే వేశాను. సూపర్‌వైజరుగారు చూసి కూడా ఏమీ అనలేదు.

మేం వినకూడదు, విన్నది బయట చెప్పకూడదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం చెబితే నేరం. చేరిన రోజునే సంతకం పెట్టించుకున్నారు. కానీ లైను బాగుందో లేదో చూడాలంటే వినాలి కదా. వినేవాళ్ళం. ఊరి గుట్టంతా మా చెవుల్లో ఉండేది. ఏ కొట్టు దివాలా తీయబోతోందో, ఏ లెక్చరరుకి బదిలీ వచ్చిందో, ఎవరి అల్లుడు ఇల్లు విడిచి వెళ్ళాడో.

అప్పుడు మేం గుజరాతీపేటలో ఉండేవాళ్ళం. మా ఎదురింటి అత్తయ్యగారి అమ్మాయికి ఖర్గపూర్ సంబంధం కుదిరింది. తాంబూలాలకి రోజు కూడా పెట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఆ అబ్బాయి తండ్రి గొంతు నా చెవిలో పడింది. మధ్యవర్తికి చెబుతున్నాడు, "మావోడికి ఇష్టం లేదండీ, ఆళ్ళకి నెమ్మదిగా సెప్పండి" అని. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే ఆపేశారు. లోపలికి తీసుకెళ్ళి పెట్టెలోంచి పట్టుచీర తీసి మంచం మీద పరిచారు. అంచు ఈ రంగు బాగుందా, అమ్మాయి చామనఛాయకి నప్పుతుందా అని. పిల్ల పక్కనే నిలబడి సున్నుండలకి మినప్పిండి జల్లిస్తోంది. చెంప మీద పిండి అంటుకుంది. "బాగుందత్తయ్యా, బాగా నప్పుతుంది" అన్నాను. నా మొహం చూసి, "ఏటే అలాగున్నావు, ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు. హెడ్‌సెట్ పెట్టుకుని తలనొప్పి అన్నాను. ఆ కబురు వాళ్ళకి చేరాక, "నీకు ముందే తెలుసేటమ్మా?" అని ఒకేఒకసారి అడిగారు. "మేం లైను కలపడమే అత్తయ్యా, మాటలు వినం" అన్నాను. ఆ పిల్లకి తర్వాత బొబ్బిలి సంబంధం వచ్చింది, బాగానే ఉంది. ఆ చీరే కట్టారు.

విజయనగరం బోర్డు మీద ఒకావిడ ఉండేది. ఆవిడ ముఖం నేనెరగను, నా ముఖం ఆవిడెరగదు. గొంతు మాత్రం రోజూ. ఇద్దరికీ ఒకటే తగువు, సర్క్యూట్ ఖాళీ అయితే ముందు ఎవరి టికెట్టు వెళ్ళాలని. "ఇందాకా మీవి రెండు పోయాయి కదా, ఇప్పుడు నాది ఎత్తండి" అంటుంది. నేను అర్జంటు ఉందంటాను. "మీ ఊళ్ళో అన్నీ అర్జంటులేనా, ఆర్డినరీగా ఎవరూ బతకరా?" అంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మాత్రం నేనే తగ్గేదాన్ని. ఆ ఊరికి ఆ మంగళవారం వచ్చే కాల్స్ అన్నీ ఇన్నీ కావు. మాకు రథసప్తమి నాడు అరసవల్లి రద్దీ ఉన్నట్టే. చాలా ఏళ్ళ తర్వాత యూనియన్ సభకి విజయనగరం వెళ్ళినప్పుడు, భోజనాల వరసలో వెనక నుంచి సాంబారు అడిగిన గొంతు ఆవిడదే. ఫోన్లో విని పొడుగాటి మనిషి అనుకునేదాన్ని, నా భుజం దాకా కూడా లేదు. కౌగిలించుకుంటుందేమో అనుకుంటే, "ఆరోజు పలాస జీడిపప్పు షావుకారు కాలు నాకంటే ముందు ఎందుకు పంపావు?" అని మొదలెట్టింది. ఏరోజో నాకు గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది.

ట్రంకు కాల్స్ రోజులే వేరు, ఎంత ఆప్యాయత, ఎంత ఎదురుచూపు అని ఇప్పుడు రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బోర్డుకి అటువైపు కూర్చున్నవాళ్ళు అనాల్సిన మాట కాదది. పురిటి కబురు తెలుసుకోవడానికి పొద్దున్న బుక్ చేసి రాత్రి దాకా ఫోను పక్కన అన్నం తిన్నవాళ్ళని నేనెరుగుదును. ఆపరేటరు అక్కర్లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ దేశంలో మొదట 1960లో కాన్పూరుకీ లక్నోకీ మధ్య వచ్చింది. మా ఊరి దాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. వచ్చాక మా కుర్చీలు ఖాళీ అయ్యాయి, నిజమే. జనానికి మాత్రం పీడ వదిలింది.

యంత్రం మా పని లాక్కోవడం అసలు అక్కడ మొదలైంది కూడా కాదు. లోకల్ కాల్స్ కలిపే స్ట్రోజర్ ఎక్స్ఛేంజి గది మా పక్కనే ఉండేది. డయల్ తిప్పిన ప్రతి అంకెకీ ఒక సెలక్టరు టకటకా పైకెక్కి, పక్కకి తిరిగి, లైను పట్టుకుంటుంది. పొద్దున్న పదింటికి ఆ గదిలో రేకుల కప్పు మీద వాన కురిసినట్టు ఉండేది. మా టెక్నీషియన్ ఒకాయన దాని కథ చెప్పేవాడు. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అని అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆయన ఉండేవాడట. ఊళ్ళో ఎవరైనా పోతే ఆయనకి రావలసిన కాల్స్‌ని ఆపరేటరు పోటీ వ్యాపారికి కలిపేస్తోందని అనుమానం. ఆ కోపంతో అసలు ఆపరేటరే అక్కర్లేని యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడని చెప్పుకుంటారు. "మీ ఆపరేటర్ల నోటి మంచితనం వల్లే మాకు ఈ ఉద్యోగాలు" అని ఆయన మమ్మల్ని ఆటపట్టించేవాడు. తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది, ఆ చప్పుడూ పోయింది, పాపం ఆయన పనీ పోయింది. అప్పటిదాకా ఏ సెలక్టరు నలిగిందో చెవితో చెప్పేవాడు. కొత్త గదిలో ఏసీ మోత తప్ప ఏమీ వినపడదని మా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

ఏసీ అంటే గుర్తొచ్చింది. పల్లెల్లో ఏసీ ఎక్కణ్ణుంచి వస్తుంది, కరెంటే ఉండదు. 1984లో పెట్టిన సీ-డాట్ అనే ప్రభుత్వ సంస్థలో మనవాళ్ళు తయారుచేసిన చిన్న ఎక్స్ఛేంజికి ఏసీ అక్కర్లేదు, ఎండా దుమ్మూ తట్టుకుంటుంది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. అలాంటివే తర్వాత మా జిల్లా పల్లెల్లో పంచాయతీ ఆఫీసుల పక్క గదుల్లో వెలిశాయి. పెద్ద పెద్ద విదేశీ యంత్రాల గురించి చెప్పేవాళ్ళకి ఇది చిన్న విషయమే. ఉద్దానంలో కొబ్బరితోట మధ్య ఊరికి ఫోను వచ్చిందంటే మాత్రం దాని పుణ్యమే.

బోర్డు పోయాక నన్ను 198కి వేశారు. ఫోను పనిచేయకపోతే ఫిర్యాదు రాసుకునే సీటు. ఊళ్ళో ఎవరూ ఇష్టపడని సీటు. పొద్దున్న లేస్తూనే తిట్లు తినాలి. పాత కేబుళ్ళకి లోపల కాగితం చుట్టి ఉంటుంది. సీసం తొడుగు ఎక్కడైనా చిట్లి చెమ్మ దిగిందంటే అటువైపు ఫోన్లన్నీ గరగర. కాబట్టి ఆకాశం చూసి ఆరోజు ఎన్ని ఫిర్యాదులొస్తాయో చెప్పేసేదాన్ని. బలగ వైపు మబ్బు పడితే ఇంట్లోనే రెండు పెన్సిళ్ళు చెక్కుకుని వెళ్ళేదాన్ని. ఒక ప్లీడరుగారు ఉండేవారు. ఆయన ఫిర్యాదు చెప్పడం కాదు, డిక్టేషన్ ఇచ్చేవారు. "మదీయ దూరవాణి గడచిన దినమున మధ్యాహ్నము నుండి మూగవోయినది, రాశారా, కామా పెట్టండి..." నేను 'డెడ్' అని ఒక ముక్క రాసేదాన్ని. ఒకసారి ఆఫీసుకి వచ్చి రిజిస్టరు చూసి చాలా నొచ్చుకున్నారు.

అప్పుడే లైన్‌మన్లతో సావాసం ఏర్పడింది. నా చేతి చీటీ లేకపోతే వాళ్ళ పని మొదలవదు. ఒకతను నాకంటే చిన్నవాడు, నన్ను "అప్పా" అనేవాడు, మా వైపు అక్కని అలాగే అంటారు. స్తంభం ఎక్కడంలో అతన్ని మించినవాడు లేడు. వీధిలో లైన్లు కలిసే పిల్లర్ పెట్టె దగ్గర కూర్చుని టెస్ట్ ఫోను తగిలించి, "అప్పా, ఏడు రోడ్ల కాడ స్వీటు కొట్టోడిది బాగుసేసినాను, రింగీ" అనేవాడు. నేను రింగిస్తే కొట్టువాడు ఎత్తేవాడు, ఇతను అక్కడే నిలబడి మిఠాయి తినేవాడు. ఆ పొట్లంలో సగం సాయంత్రానికి నా సీటు మీదికొచ్చేది, అది వేరే విషయం.

మధ్యలో పీసీవోల కాలం, అంటే డబ్బులిచ్చి మాట్లాడుకునే ఫోను బూత్‌లు. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు చార్జీ. సినిమా రెండో ఆట వదిలిన జనం కంటే బూత్‌ల దగ్గర జనం ఎక్కువ. మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే అందరి కళ్ళూ ఆ అంకెల మీదే. మా తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకి చేపల పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చి కూర్చునేవారు. అలా వెళ్ళినవాళ్ళలోనే 20 మంది 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. పేపర్లో ఆ ఫోటో చూసినప్పుడు నాకు ఆ బూత్‌ల ముందు కూర్చున్న మొహాలే కనిపించాయి.

శాఖ కంపెనీ అవుతుందన్న కబురు వచ్చినప్పుడు గేటు ముందు టీ బడ్డీలో జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. సెప్టెంబరులో సమ్మె చేశాం. జీతం ఎవరిస్తే ఏం, పింఛను ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న. ప్రభుత్వమే ఇస్తుందని 37-ఏ అనే రూలు పెట్టాక చల్లబడ్డాం. మా కొలీగ్ ఒకావిడ కూతురికి సంబంధాలు చూస్తోంది. "పెళ్ళి కాగితంలో తండ్రి ఉద్యోగం సెంట్రల్ గవర్నమెంట్ అని అచ్చేయించేశాను, ఇప్పుడు కంపెనీ అంటే కట్నం పెంచుతారేటి?" అని ఆవిడ బాధ. భార్యాభర్తలిద్దరూ మా ఆఫీసే. కంపెనీలో చేరతామని రాసిచ్చే ఆప్షను ఫారం నింపేటప్పుడు చెయ్యి వణకని మనిషి మా హాల్లో ఒక్కరూ లేరు. ఆ ఫారం మీద సంతకం పెట్టిన మర్నాడు కూడా అదే కుర్చీ, అదే ఫ్యాను, అదే 198.

2002 అక్టోబరు 19న ప్రధాని వాజ్‌పేయి లక్నోలో మా కంపెనీ సెల్ సర్వీసు ప్రారంభించారు. ఆ గాలి మా ఊరికి చేరాక సిమ్ము కోసం క్యూ గేటు దాటి రోడ్డెక్కింది. అప్పటికి నన్ను కస్టమర్ కౌంటరులో కూర్చోబెట్టారు. జీవితంలో ఎప్పుడూ పలకరించని చుట్టాలు ఫోన్లు చేశారు. సిఫారసు ఉత్తరాలతో ఎమ్మెల్యేగారి మనుషులొచ్చారు. నంబరు చివర మూడు తొమ్మిదులుండాలని ఒకాయన, కలిపితే ఆరు రావాలని ఇంకొకాయన. 198 మీద నన్ను తిట్టినవాళ్ళే "మేడంగారూ" అంటూ కౌంటరు మీద అరటిపళ్ళు పెట్టారు. ఆ కొన్ని నెలలు టెక్నాలజీ కంపెనీలో పనిచేయడమంటే ఏమిటో మాకు తెలిసింది. బజారులో నడుస్తుంటే దారిచ్చేవాళ్ళు.

హైవే వెడల్పు చేస్తున్న రోజుల్లో ఎక్కడో ఒకచోట తవ్వే యంత్రం మా ఫైబరు కేబుల్ కోసేసేది. జిల్లాలో సగం నోరు మూతపడేది. నేనెప్పుడూ కౌంటరులో కూర్చుని "కేబుల్ కట్ అండీ" అని చెప్పడమే గానీ కట్ అంటే ఏమిటో చూడలేదు. ఒక రాత్రి నరసన్నపేట పెళ్ళి నుంచి వస్తుంటే రోడ్డు పక్క మా జీపు కనపడింది, కారు ఆపించాను. గోతి పక్కన టార్పాలిన్ కింద మావాళ్ళు కూర్చున్నారు. ఫైబరు వెంట్రుకంత సన్నం. పైన రంగు పూత గీకేసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, చిన్న పరికరంలో పెట్టి తిన్నగా తెంపుతారు. అలాంటివి రెండు కొసలు యంత్రంలో ఎదురెదురుగా పెడితే తెర మీద పెద్దవిగా కనిపిస్తాయి. సన్నటి నిప్పురవ్వ ఒకటి పుట్టి రెండూ అతుక్కుంటాయి. దీపానికి పురుగులు ముసురుతున్నాయి. ఒక్క రెక్క పడినా, ఒక్క నలుసు పడినా ఆ కొస పోయినట్టే, మళ్ళీ మొదటికి. అతికే కుర్రాడు నన్ను గుర్తుపట్టి కూడా తల ఎత్తలేదు. "మేడం, ఇటేపు ఊపిరి వదలకండి" అన్నాడు. పట్టుచీరలో, తలలో పూలతో, అంత రాత్రి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఒక అతుకు పూర్తయ్యాక తలెత్తి, "పెళ్ళిలో ఏటి పెట్టినారు?" అని అడిగాడు. కారులో మిగిలిన లడ్డూల బుట్ట అక్కడే ఇచ్చేసి వచ్చాను.

2013 జూలైలో తంతి మూసేశారు. ఎప్పుడూ టెలిగ్రాం ఇవ్వనివాళ్ళు ఆఖరి రోజు వచ్చి తమకి తామే ఇచ్చుకున్నారు. మాలో కూడా కొందరు ఇచ్చుకున్నారు. నేను ఇవ్వలేదు. నాకు తంతి అంటే చావు కబురే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. టౌను వరకు మేం బతికిపోయాం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఆ వైపు కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి, జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. టవర్లకి కరెంటు లేదు, డీజిలు మోసుకెళ్దామంటే రోడ్ల మీద చెట్లు. మా లైన్‌మన్లు గొడ్డళ్ళు పట్టుకుని ముందు చెట్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అప్పటికే అందరూ యాభై దాటినవాళ్ళు. నన్ను అప్పా అనే తమ్ముడు వెళ్ళిన చోట జనరేటరు మొదలెట్టగానే ఊరు ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని వచ్చేసిందట, చార్జింగు కోసం. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఇంకో బాక్సు, దాని మీద ఇంకోటి. "అప్పా, ఆళ్ళకి బియ్యం ఇస్తామన్నా లెగలేదు, సార్జింగే కావాలన్నారు" అన్నాడు వచ్చాక. చేతుల నిండా బొబ్బలు.

తర్వాతి ఏడాది వీఆర్ఎస్, అంటే ముందుగానే స్వచ్ఛందంగా రిటైరయ్యే పథకం వచ్చింది. యాభై దాటినవాళ్ళెవరైనా పెట్టుకోవచ్చు. దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా పెట్టుకున్నారు, కంపెనీలో దాదాపు సగం. నేనూ పెట్టాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు, అడిగితే తలో మాట అంటారని. 2020 జనవరి 31 సాయంత్రం మా హాల్లో సన్మానం. చేసేవాళ్ళ కంటే చేయించుకునేవాళ్ళు ఎక్కువ. శాలువాలు చాలక, మాకు కప్పిన శాలువానే ఫోటో తీశాక తీసి వెనకవాళ్ళకి కప్పారు. ఉపన్యాసాలు క్లుప్తంగా చేయమంటే ఒక్కరూ వినలేదు. మిగిలిపోయే పిల్ల ఇంజనీర్లిద్దరు తాళాల గుత్తులు పట్టుకుని ఒక మూల నిలబడ్డారు. ఏ తాళం ఏ గదిదో అడిగి చీటీలు కట్టుకుంటున్నారు. మాలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

మార్చిలో లాక్‌డౌన్. మా అక్క కొడుకు హైదరాబాద్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ల్యాప్‌టాప్ బ్యాగుతో మా ఇంటికి వచ్చి మేడ గదిలో దిగాడు. వచ్చిన మర్నాడే నెట్టు ఆగిపోయింది. "పిన్నీ, పదింటికి క్లయింట్ కాలుంది, నా పని అయిపోయింది" అని ఒకటే గాభరా. 198కి ఫోను చేయడం నాకే సిగ్గనిపించి మా లైన్‌మన్ తమ్ముడికి చేశాను. అతనూ నాతోపాటే వీఆర్ఎస్. పోలీసుల్ని తప్పించుకుని సందుల్లోంచి సైకిలు మీద వచ్చాడు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు ఉడత కొరికేసిందట. లుంగీ ఎగ్గట్టి స్తంభం ఎక్కాడు. కాగితం లెక్కన అయితే ఆ స్తంభం ఆరోజు ఎవరూ ఎక్కలేదు. పది కాకముందే నెట్టు వచ్చింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. కొడుకుది, బీటెక్ అయిందట.

"అప్పా, మీ కుర్రోడి కంపెనీలో సెప్పించగలవేటి?"

మావాడు దాన్ని ఫోటో తీసుకుని, రెఫరల్ పెడతాను బాబాయ్, ఒక పేజీలోకి కుదించి పంపమని చెప్పు అన్నాడు. ఒక పేజీ ఏమిటో, ఎందుకో అతనికి అర్థం కాలేదు. నేను కూర్చుని కుదించాను. టికెట్టు మీద రాసిన చెయ్యి కదా, రెండు పేజీలది అరపేజీ అయిపోయింది. మరీ ఇంత తక్కువైతే ఎలాగని మావాడు నవ్వి కొంత మళ్ళీ చేర్చాడు. ఆ కంపెనీ వాళ్ళు పిలవలేదు. ఏడాది తిరిగాక వైజాగులో వేరే చోట దొరికింది. మొదటి జీతం రోజున తమ్ముడు ఏడు రోడ్ల దగ్గర్నుంచి కిలో మిఠాయి పట్టుకొచ్చాడు. ఈసారి డబ్బులిచ్చి కొన్నానని మరీ మరీ చెప్పాడు.